పొక్కిన చెయ్యి

జనవరి 11, 1949. మంగళవారం

లాథన్ టీచర్ ఇవాళ రెండు సంగతులు చెప్పారు. రోజూ ఏదో ఒకటి రాయమన్నారు. రాసేటప్పుడు 'చాలా' అన్న మాట వాడొద్దన్నారు. "చాలా చలి అని రాస్తే నాకు చలి వెయ్యదు ఆర్వెల్లా. నువ్వేం చూశావో అది రాయి, చలి దానంతటదే వేస్తుంది" అన్నారు.

సరే, చూసిందే రాస్తాను. పొద్దున బావి తాడు కర్రలా బిగుసుకుపోయింది. తాతయ్య దాన్ని మోకాలికేసి వంచుతూ, "ఇవాళ దేవుడు కూడా దుప్పట్లోంచి లేవడు" అన్నాడు. "సంఘపెద్దవై ఉండి అవేం మాటలు నాన్నా!" అని ఓడెల్ పిన్ని నవ్వింది. నవ్వు మధ్యలోనే దగ్గయింది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

పైన్ కట్టెల పొగ పిన్నికి పడదు.

జనవరి 12

టీచర్ నిఘంటువు ఇంటికి తీసుకెళ్ళనిచ్చారు! ఇవాళ్టి మాట 'ప్రతిధ్వని'. దాన్ని నోట్లో బెల్లంముక్కలా చప్పరిస్తూ ఇంటికొచ్చాను.

"అంటే ఏంటే?" అంది పిన్ని.

"మనం అన్నది మనకే తిరిగి రావడం."

"ఓస్, దానికంత పేరా? సాయంత్రం చర్చికి రా, చూపిస్తా."

బుధవారం ప్రార్థనలో పాట ఎత్తుకునేది పిన్నే. ఒక వరస గబగబా చెప్పి వదిలేస్తుంది. బెంచీల మీది వాళ్ళంతా దాన్ని అందుకుని, సాగదీసి, గోడలు కదిలేలా పాడతారు. వాళ్ళ గొంతు ఇంకా గాల్లో ఉండగానే పిన్ని రెండో వరస అందిస్తుంది. పాటల పుస్తకం ఎవరి దగ్గరా లేదు. పాటలన్నీ పిన్ని ఛాతీలో ఉన్నాయి.

ఇవాళ మూడో పాట దగ్గర తాతయ్యకి సైగ చేసి కూర్చుండిపోయింది. ఆ పాట తాతయ్య ఎత్తుకున్నాడు, శ్రుతి తప్పాడు, అందరం నవ్వుకున్నాం. పిన్ని అలిసిపోయింది. పొద్దుణ్ణుంచి హాలిస్ దొరసాని ఇంట్లో విందు వంట మరి.

జనవరి 17. సోమవారం

బడిలో చేతులకి సూదులు వేశారు, ఎనిమిదో తరగతి నుంచి పైవాళ్ళకి. కౌంటీ నుంచి తెల్ల డాక్టరు వచ్చాడు, వెంట మన నల్లవాళ్ళ నర్సమ్మ ఒకావిడ, బ్యాటిల్ అని. డాక్టరు చెయ్యి పట్టుకోవడం, మోచేతి కింద తోలులోకి సూది దూర్చడం, "తర్వాతి వాళ్ళు" అనడం. నీటిబుడగలా లేచి అణిగిపోయింది. "ఇదెందుకు సార్?" అని ఎవరో అడిగితే, "ఊపిరితిత్తులకి" అన్నాడు. అంతే.

చెప్పకపోతేనేం, మాకు తెలుసు. మశూచి టీకా అప్పుడూ ఇంతే కదా. పొక్కితే పట్టినట్టు, ఇక జబ్బు దగ్గరికి రాదు. పొక్కకపోతే పట్టనట్టు, మళ్ళీ వేస్తారు. పిన్ని భుజం మీద గుండ్రటి మచ్చ ఉంది. "నాకు మొదటిసారే పొక్కింది" అని చుట్టాలందరికీ చూపించుకుంటుంది.

జనవరి 18

చెయ్యి దురద పెడుతోంది. బడిలో నా పక్కన కూర్చునే ఈనెజ్ చెయ్యి నున్నగా ఉంది, పాపం.

జనవరి 19

పొక్కింది! ఎర్రగా, ద్రాక్షపండంత, వేలితో తడిమితే లోపల గట్టిగా. మా తరగతిలో నాదే పెద్దది. మగపిల్లలు కూడా వచ్చి చూసి వెళ్ళారు. ఈనెజ్‌కి నిన్న వాళ్ళమ్మ వేడి ఉల్లిపాయ కట్టిందట, పొక్కుతుందేమోనని. ఉల్లి కంపు తప్ప ఏమీ రాలేదు.

"నీలో రక్తం లేదే, ఉన్నదంతా మజ్జిగే" అన్నాను.

"నీలో ఉన్నది పొగరు. అదే పొక్కింది" అంది ఈనెజ్. వరసలో నా వెనకే నిలబడి, దిగులుగా తన చెయ్యి తనే గిల్లుకుంటోంది.

ఇవాళ డాక్టరు రాలేదు. బ్యాటిల్ నర్సమ్మ ఒక్కతే కూర్చుని అందరి చేతులూ తడిమి చూసింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆగింది. చిన్న కొలబద్ద పెట్టి కొలిచింది.

"మీ ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా తల్లీ? నెలకి పైబడి?"

"మా పిన్ని!" అన్నాను, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు. "ఓడెల్ మేస్. పత్తి తీతల ముందు నుంచీ దగ్గు. ఆమెకి కూడా వెయ్యండి నర్సమ్మగారూ, ఇది పట్టిందంటే తగ్గిపోతుంది కదా?"

ఆవిడ నా చెయ్యి వదల్లేదు. నా వెనక వరస గుమ్మం దాటి వరండాలోకి ఉంది.

"నువ్వూ పిన్నీ ఒకే మంచం మీద పడుకుంటారా?"

"అవును. మా అమ్మ పోయినప్పట్నుంచీ."

"సరే. మీ ఇంటికి నేనే వస్తాను" అంది.

ఇంటికెళ్ళి చెయ్యి చూపిస్తే పిన్ని నన్ను తిప్పి తిప్పి చూసింది. తన భుజం మీది మచ్చని నా పొక్కు పక్కన పెట్టి, "చూడు నాన్నా, వంశం అంటే ఇదీ!" అంది. చెరకుపాకం పోసి తీపి బిస్కెట్లు చేసింది. ఒకే కంచంలో తిన్నాం. నర్సమ్మ నీకూ వేస్తుందని చెప్పాను.

"రానీ. నాది నీకంటే పెద్దగా పొక్కకపోతే అడుగు" అంది.

జనవరి 25

నర్సమ్మ వచ్చింది.

పిన్ని దొరసాని వాళ్ళ బల్లగుడ్డ ఇస్త్రీ చేస్తోంది. నర్సమ్మ కుర్చీ అంచున కూర్చుని దగ్గు గురించి అడిగింది.

"నాకు చల్లగాలి పడదు" అంది పిన్ని.

"ఎన్నాళ్ళుగా?"

"పుట్టినప్పట్నుంచి."

తాతయ్య కల్పించుకున్నాడు. "పత్తిచేలో పుట్టినవాళ్ళకి దగ్గుంటుందమ్మా. దగ్గు లేనివాడు పని చెయ్యనివాడు."

"రాత్రిళ్ళు చెమటలు పడతాయా? దగ్గితే ఎప్పుడైనా ఎర్రగా పడిందా?"

"అమ్మా, మీరు చదువుకున్నవాళ్ళు" అంది పిన్ని. మర్యాదగానే అంది గానీ ఇస్త్రీపెట్టె ధణాలున పెట్టింది. "మా పిల్లకి టీకా పట్టింది. అది చాలు. నాకు పనుంది."

అప్పుడు నర్సమ్మ చెప్పింది. అది టీకా కాదట. జబ్బు రాకుండా వేసేది కాదట. జబ్బు పురుగు లోపలికి వచ్చిందా లేదా అని చూసేదట. రాని వాళ్ళ చెయ్యి నున్నగా ఉంటుందట. "ఈ అమ్మాయి చెయ్యి పొక్కిందంటే, ఎవరో రోజూ పక్కనే ఉండి దగ్గుతున్నారన్నమాట. వాళ్ళని వెతుక్కుంటూ వచ్చాను."

కాలిన వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె కింద బల్లగుడ్డ గోధుమరంగులోకి తిరిగింది. పిన్ని దాన్ని చూస్తోంది గానీ తియ్యడం లేదు. నేనే తీశాను.

"పిల్లకి జబ్బు వచ్చేసిందా?" అంది పిన్ని.

"పురుగు నిద్రపోతూ ఉండొచ్చు. ఎప్పటికీ లేవకపోవచ్చు. ఎక్స్‌రే బస్సు వస్తుంది, అందులో ఛాతీకి ఫోటో తీస్తే తెలుస్తుంది. నీకూ తియ్యాలి."

"ఆ బస్సు ఎప్పుడొస్తుంది?"

అంతవరకూ నలుగురు మనుషులు లాగినా పిన్ని ఆ బస్సు ఎక్కేది కాదు.

జనవరి 26

నర్సమ్మ పొరపాటు పడి ఉంటుంది. అంతమంది చేతులు చూసింది కదా. పిన్ని ఇవాళ రెండుసార్లే దగ్గింది. పైన్ చిగుళ్ళ కషాయం పనిచేస్తోంది.

ఈనెజ్ చెయ్యి నున్నగా ఉంది. ఈనెజ్‌కి ఇంకా చెప్పలేదు.

ఫిబ్రవరి 10

ఎక్స్‌రే బస్సు కోర్టు ముందు ఆగింది. మనవాళ్ళ రోజు గురువారం. నా చొక్కా విప్పించి చల్లటి పలక మీద ఛాతీ ఆనించి, ఊపిరి బిగబట్టమన్నారు. బిగబట్టాను. నా తర్వాత పిన్ని వెళ్ళింది. లోపలినుంచి "ఊపిరి బిగబట్టు... మళ్ళీ... ఇంకోసారి" అని వినబడింది. పిన్నికి బిగబట్టడం రాలేదు. చర్చిలో ఒక్క ఊపిరితో వరసంతా చెప్పే మనిషికి.

ఫిబ్రవరి 23

నా ఫోటో శుభ్రంగా ఉందట.

పిన్నికి రెండు వైపులా. క్షయ అన్నారు.

ఫిబ్రవరి 24

దొరసానికి ఎవరో చెప్పేలోగా తానే చెప్పాలని పిన్ని వెళ్ళింది. తోడు నేనూ వెళ్ళాను. వంటింటి వెనక గుమ్మం దగ్గర నిలబడి జాలితలుపులోంచే చెప్పింది. లోపలినుంచి "అయ్యో దేవుడా" అని ఒక్క మాట, తలుపు వేసిన చప్పుడు. మేం గేటు దాటుతుండగా పెరట్లో ఏదో పగిలింది. అది పిన్ని కంచం. ఆ ఇంట్లో పిన్ని తినడానికి మొదటినుంచీ వేరే కంచం ఉండేది, సింకు కింద, బకెట్ పక్కన. దాన్ని ఇంకెవరూ ముట్టేవాళ్ళు కాదు. అయినా పగలగొట్టారు.

దారిలో పిన్నికి నవ్వొచ్చింది. "ఎందుకే భయం వాళ్ళకి? అందులో తిన్నది నేనొక్కదాన్నేగా!" నవ్వి నవ్వి రోడ్డు పక్కన కూర్చుంది. నేను నవ్వలేదు.

ఫిబ్రవరి 27

కొండమీది ఆసుపత్రికి పంపాలట. మనవాళ్ళ వార్డులో మంచం ఖాళీ లేదట. పేరు రాసుకున్నారు. తెల్లవాళ్ళ వార్డులో ఖాళీలున్నాయా అని నేను అడిగాను. నర్సమ్మ తన చేతిసంచీ గొలుసు సర్దుకుంది.

ఎండలు ముదిరేలోగా మంచం దొరుకుతుంది. అక్కడ కొత్త మందు కూడా ఉందట.

మార్చి 3

తాతయ్య పక్క వసారాకి మూడువైపులా దోమల జాలి కొట్టి గది చేశాడు. పిన్ని అక్కడ పడుకుంటుంది. నేను జాలికి ఇవతల. కంచం, గ్లాసు, చెంచా వేరే. నర్సమ్మ ఈ సంగతి చెబుతున్నప్పుడు నా మొహం ఎలా ఉందో గానీ, పిన్ని మేకు తెచ్చుకుని తన కంచం అంచుమీద పువ్వు గీసుకుంది.

"అక్కడ వాళ్ళు పెట్టారు వేరే కంచం. ఇది నేను పెట్టుకుంటున్నా. రెండూ ఒకటి కాదు, విన్నావా?" అంది.

"విన్నాను."

"మరి ఆ మొహమేంటి? పో, నీ మాటలేవో చదువుకో. ఇవాళ్టి మాటేంటి?"

ఇవాళ మాటేమీ చూసుకోలేదు.

మార్చి 9

దగ్గు తగ్గింది.

మార్చి 14

ఈనెజ్‌కి అంతా చెప్పేశాను. తన నున్నటి చెయ్యి వెనక్కి దాచుకుంది, అదేదో తప్పయినట్టు. వాళ్ళమ్మ నాతో కూర్చోవద్దందట. అయినా మధ్యాహ్నం అన్నం దగ్గర పక్కకే వచ్చి కూర్చుంది. "మా అమ్మ వేడి ఉల్లిపాయ కట్టే మనిషి. ఆవిడ మాట నేను వినాలా?" అంది.

మార్చి 16

రెండు బుధవారాలుగా చర్చిలో పాట సాగడం లేదు. తాతయ్యకి వరసలు గుర్తుండవు. ఇవాళ పిన్ని జాలి దగ్గరికి కుర్చీ లాక్కుని నన్ను పిలిచింది.

"నేను మాట చెబుతా. నువ్వు ఎత్తుకో."

"నాకు రాదు పిన్నీ."

"అంత లావు పుస్తకంలో మాటలు బట్టీ పడతావు, మన పాట రాదా? నిలబడు. వంగకు. ఊపిరి భుజాల్లోంచి కాదే, కిందనుంచి తియ్యి."

ఏరు దాటించేవాడా, నా చెయ్యి వదలకు. ఇది మొదటి వరస. మెల్లగా చెప్పకూడదట. వాళ్ళు సాగదీస్తారు, నువ్వు అందించి తప్పుకోవాలి అంది. "పాట నీది కాదు. నువ్వు అందిస్తున్నావంతే."

నాలుగు వరసలకే తనకి ఆయాసం వచ్చింది. నాకేమో పాడే కొద్దీ గొంతు తెరుచుకుంది. నా ఛాతీలోకి ఎంత గాలి పడుతుందో నాకే తెలీదు ఇన్నాళ్ళూ. సిగ్గేసింది.

మార్చి 29

మంచం సంగతి ఏమీ తెలియలేదు. దగ్గు తగ్గింది. పిన్ని సగం చిలగడదుంప తింది.

ఏప్రిల్ 2

సగం కాదు. రెండు ముద్దలు.

ఏప్రిల్ 5

నిన్న పిన్నిని అడిగేశాను. "నేను నర్సమ్మకి నీ పేరు చెప్పకుండా ఉంటే?"

"చెప్పకుండా ఉంటే నీ పక్కనే పడుకునేదాన్ని."

"అదే కదా నాకు కావాల్సింది."

"అదే కదా నాకు భయం" అంది. తర్వాత జాలికి అరచెయ్యి ఆనించింది. నేను ఇవతలినుంచి ఆనించాను. జాలి చల్లగా ఉంది. పిన్ని చెయ్యి దానికి అటువైపు కాగిపోతోంది.

ఏప్రిల్ 13

ఈస్టర్ ముందు బుధవారం. తాతయ్య చర్చిని మా ఇంటికి తెచ్చాడు.

సగంమంది రాలేదు. వచ్చినవాళ్ళు ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకుని, కంచె అవతల వేసుకున్నారు. ఈనెజ్ వాళ్ళమ్మ కూడా వచ్చింది, రోడ్డు మీదే నిలబడింది. పిన్నిని దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. తనకి పసుపు టోపీ కావాలంది. పెట్టాను. టోపీ చెవుల మీదికి జారిపోతుంటే లోపల గుడ్డ కుక్కాను.

పిన్ని వరస చెప్పింది. నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. నేను జాలి దగ్గర నిలబడి దాన్ని అందుకుని కంచె అవతలికి వినబడేలా ఎత్తుకున్నాను. వాళ్ళు అందుకున్నారు. మన మట్టి రోడ్డు, హాలిస్ దొరసాని ఇంటి వైపు తోట, అన్నీ దాటి వెళ్ళి ఉంటుంది ఆ పాట. మళ్ళీ పిన్ని గుసగుసగా రెండో వరస. మళ్ళీ నేను.

మూడో వరస నాకు వినబడలేదు. పెదాలు కదిలాయంతే. అయినా నాకు తెలుసు కదా. ఎత్తుకున్నాను.

పిన్ని కళ్ళు మూసుకుని, తల ఆడిస్తూ విన్నది. అయిపోయాక, "రెండో దాంట్లో తొందరపడ్డావు" అంది.

ఏప్రిల్ 20

దగ్గు లేదు.

ఏప్రిల్ 21

దగ్గు లేదు అని నిన్న రాశాను. పొద్దున చూస్తే లేనిది దగ్గు ఒక్కటే కాదు.

ఏప్రిల్ 24

సమాధి దగ్గర పాట నేనే ఎత్తుకున్నాను. తొందరపడలేదు.

ఏప్రిల్ 30

ఇల్లు చాలా ఖాళీగా ఉంది. టీచర్ ఒప్పుకోరు. ఏం చూశావో రాయమంటారు. పువ్వు గీసిన కంచం చూశాను. తాతయ్య జాలి పీకేస్తుంటే చూశాను. చాలా.

మే 3

నర్సమ్మ కారు గేటు ముందు ఆగింది. దిగీ దిగకుండానే, "ఓడెల్‌ని తయారు చెయ్యండి! మంచం ఖాళీ అయింది!" అంది. చిన్నపిల్లలా నవ్వుతోంది. ఆవిడ రెండు వారాలుగా వేరే ఊళ్ళలో తిరుగుతోందట. ఎవరూ చెప్పలేదట.

తాతయ్య తల మీది టోపీ తీశాడు. నర్సమ్మకి అర్థమైంది. కారు మెట్టు మీదే కూర్చుండిపోయింది. నేను నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

మంచం ఎలా ఖాళీ అయిందో అడగలేదు. ఇంకెవరింట్లోనో ఒక కంచం ఉండి ఉంటుంది.

"ఇప్పుడు అది ఎవరికిస్తారు?" అన్నాను.

"ఈ పక్కనే, మిల్లు వెనక ఇంట్లో మనిషికి" అంది. "కానీ ఆలస్యంగా దొరికాడు. అందరూ ఆలస్యంగానే దొరుకుతున్నారు. చేతులు చూస్తున్నాం గానీ, చెయ్యి పొక్కితే దానర్థమేంటో ఎవరికీ చెప్పనే లేదు. చెప్పేంత తీరిక మాకు లేదు."

ఆవిడ వెళ్ళేటప్పుడు నేను కారు కిటికీ దగ్గరికి పరిగెత్తి, "నేను చెబుతాను" అన్నాను. మాటలు నా దగ్గర ఉన్నాయి కదా.

అక్టోబర్ 10

చిన్నతరగతులకి సూదులు వేశారు. నర్సమ్మ నన్ను పిలిపించింది. ఒక్కో గదిలో నిలబడి చెప్పాను. ఇది టీకా కాదు, లోపల ఏముందో చూడడానికి. పొక్కితే గొప్పా కాదు, తప్పూ కాదు. పొక్కితే మాకు చెప్పండి, మేం మీ ఇంటికి వస్తాం. చిన్నమాటలే వాడాను. పిల్లలు బుద్ధిగా తలలూపారు.

అక్టోబర్ 12

బడి విడవకముందే ఒకటో తరగతి పిల్ల ఒకతి నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చింది. రెండు జడలు, ముందుపళ్ళు రెండూ లేవు. లూటీ అట పేరు. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచేసింది.

"అక్కా! అక్కా! నాది పొక్కింది! మా తరగతిలో నాదే పెద్దది!"

రెండురోజుల కింద తలూపిన పిల్లే ఇది. నేను చెప్పిందంతా ఇంట్లో పెద్దవాళ్ళ మాట ముందు, వాళ్ళ భుజాల మీది టీకా మచ్చల ముందు ఏమైపోయిందో.

మోకాళ్ళ మీద కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాను. ఎర్రగా, గట్టిగా. నా నోరు తెరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. కంచం తెలుసు, జాలి తెలుసు.

"మీ ఇంట్లో ఎవరు దగ్గుతారు తల్లీ?"

"మా అమ్మమ్మ!" అంది వెంటనే. మొహం వెలిగిపోతోంది. "మొన్నీమధ్యే మొదలైంది. ఆమెకి కూడా వేస్తారా అక్కా?"

మొన్నీమధ్యే, అంది. ఆ మాటని ఇంకోసారి చెప్పించుకున్నాను.

"వేస్తాం" అన్నాను. "పద, ఇప్పుడే మీ ఇంటికి వెళ్దాం."

లూటీ నా వేలు పట్టుకుని, పొక్కిన చెయ్యి అందరికీ కనబడేలా పైకెత్తి, దారంతా నాకంటే ముందు నడిచింది.